ముక్కు మాస్టారి పుదీనా ఆవిరి

పోయిన ఏడాది మార్చి తొమ్మిదో తేదీ ఉదయం ముక్కు మాస్టారు ఒక ఉడికించిన గుడ్డు, ఒక కమలాపండు, బొగ్గులా మాడిన రొట్టెముక్క తిన్నారు. గుడ్డుకు వాసన రాకపోతే పోనీలే అనుకున్నారు. కమలాపండు తొక్క గోటితో గిచ్చితే రసం కళ్ళద్దాల మీదికి చిమ్మింది గాని ముక్కుకు మాత్రం కబురు అందలేదు. అనుమానమొచ్చి వెనక్కి తిరిగి చూస్తే, జానెడు దూరంలో ఉన్న టోస్టరు లోంచి నల్లటి పొగ పైకప్పు దాకా పాకి ఉంది. సరిగ్గా అప్పుడే మేడ మీద నుంచి కూతురు దిగి వచ్చింది.

"నాన్నా, రొట్టె..."

"కరకరలాడాలని కావాలనే ఉంచానమ్మలూ," అన్నారు మాస్టారు తడుముకోకుండా.

ఆమె తండ్రి మొహం వంక ఒక్క క్షణం చూసింది. తర్వాత ఎదురుగా కూర్చుని, రెండో ముక్క తనే తినేసింది. పిల్ల నమ్మిందని ఆయన ఊపిరి పీల్చుకున్నారు.

ముక్కు మాస్టారన్న పేరు ఆయనకు సబ్బుల ఫ్యాక్టరీలో వచ్చింది. కాలేజీలో రసాయనశాస్త్రం చదివి, అందులో చేరి, జుట్టు నెరిసేదాకా సబ్బు తొట్లలో సుగంధ తైలాలు కలిపే పనే చేశారు. మిగతావాళ్ళు కొలపాత్రలు పట్టుకు తిరుగుతుంటే ఆయన సీసా వంచి, కళ్ళు మూసుకుని, ఒక్క పీల్పు పీల్చి "చాలు" అనేవారు. ఆ "చాలు" ఎప్పుడూ తప్పలేదు. అలాంటి ముక్కు ఏ కబురూ పెట్టకుండా రాజీనామా చేస్తే ఎవరికి చెప్పుకుంటారు? ఎవరికీ చెప్పుకోలేదు.

దానికి పరువొక్కటే కారణం కాదు. ఇంట్లో మేడ మీద కూతురూ అల్లుడూ ఉంటారు, కింద ఆయన ఉంటారు. కింది వంటింట్లో అలమరలు ఆయన భార్య తన ఎత్తుకు సరిపోయేలా కొట్టించుకున్నవి. ఆవిడ పోయాక కూడా మాస్టారు రోజూ నడుము వంచి డబ్బాలు అందుకుంటారే గాని అలమరలు పైకి జరిపించడానికి ఒప్పుకోలేదు. పొద్దున్నే ఆ పొయ్యి వెలిగించుకుని, తన టీ తను పెట్టుకుంటేనే ఆయనకు రోజు మొదలైనట్టు. వాసన తెలియని మనిషిని గ్యాసు పొయ్యి దగ్గర ఒంటరిగా ఎవరు ఉండనిస్తారు? ముక్కు సంగతి బయటపడితే వంటిల్లు పోతుంది.

ఏడాదికి పైగా గుట్టు నిలిచింది. అల్లుడు పనికి పోతూ రోజూ వంటింట్లోకి తొంగి చూసి "అబ్బ, ఏం ఘుమఘుమ మావయ్యా!" అనేవాడు. ఆ మాటతో కూర కుదిరిందని ఆయనకు తెలిసేది. పాలు విరిగిన రోజున కూతురు వచ్చి, తమకు పాలు చాల్లేదని గిన్నెతో సహా పట్టుకుపోయేది. రాత్రి ఆయన పెందలాడే పడుకుంటే, కాసేపటికి వంటింటి తలుపు మెల్లగా మూసుకున్న చప్పుడు వినిపించేది. గాలి. ఎప్పుడూ ధడేలుమని కొట్టుకోదు, చేత్తో దగ్గరికి లాగినట్టు మూసుకుంటుంది. మా ఇంటి గాలి కూడా పద్ధతైనదే అని మురిసిపోతూ ఆయన నిద్రలోకి జారుకునేవారు.

ఇంతలో వియ్యపురాలు వచ్చారు.

ఆవిడ రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఉన్న మాట మొహమ్మీద అనేస్తారు, లేని మాట ఎవరైనా అంటే కళ్ళద్దాల మీదుగా ఒక్క చూపు చూస్తారు, అంతే. మోకాళ్ళ నొప్పులకు కొన్నాళ్ళు కొడుకు దగ్గర ఉండి వైద్యం చేయించుకుందామని వచ్చారు. వచ్చిన వారానికే, మెట్ల మీద ఆవిడ అంటున్న మాట మాస్టారి చెవిన పడింది.

"ఒరేయ్, అన్నయ్యగారు బంగారంలాంటి మనిషే, కాదన్ను. కానీ ఆ వయసులో ఒంటరిగా గ్యాసు పొయ్యేమిట్రా? కన్నో, చెవో, ముక్కో ఏదో ఒకటి మొరాయించకుండా ఉంటుందా? పైన వంటిల్లు చాలదూ?"

అల్లుడు తల్లికి కుడివైపుకు చుట్టూ తిరిగి వెళ్ళి, "చూద్దాంలేమ్మా," అన్నాడు.

కుదరదు అని ఉంటే మాస్టారికి ధైర్యంగా ఉండేది. 'చూద్దాం' అనేసరికి ఆయన గుండె జారిపోయింది. ఈవిడ ఎదుట ఒక్కసారి, ఒకే ఒక్కసారి, తన ముక్కు సత్తా చూపించాలని ఆ క్షణమే తీర్మానించుకున్నారు.

అవకాశాన్ని అల్లుడే తెచ్చిపెట్టాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. తల్లి మోకాళ్ళ కోసం పెరట్లోని పాత సామాన్ల గదిని సౌనాగా మార్చేశాడు. లోపల నాలుగు గోడలకూ చెక్క, కూర్చోవడానికి చెక్క బల్ల, మూలన కరెంటు పొయ్యి, దాని మీద నల్లరాళ్ళు. రాళ్ళు కాగాక నీళ్ళు చల్లితే ఆవిరి లేస్తుంది, ఆ నీళ్ళలో సుగంధ తైలం కలిపితే అరోమాథెరపీ. ఇంతవరకూ అందరూ చేసేదే. తలుపు దగ్గరికొచ్చేసరికి అతనిలోని మెకానిక్ ఊరుకోలేకపోయాడు. కూల్చేసిన ఆఫీసు నుంచి తెచ్చుకున్న పాత లిఫ్టు తలుపును, బటన్లతో సహా, దానికి బిగించాడు.

ఆ ఆదివారం పొద్దున్నే ఇల్లంతా పెళ్ళివారి విడిదిలా హడావుడిగా ఉంది.

"మావయ్యా, రండి రండి! రాళ్ళు కాగుతున్నాయి, బల్ల తుడిచేశాను, తలుపు మాట్లాడుతోంది!"

"తలుపు మాట్లాడ్డమేమిటి బాబూ?"

అల్లుడు గర్వంగా బటను నొక్కాడు. రెండు రేకులూ చెరో పక్కకీ జరిగాయి. లోపల ఎక్కడో ఒక ఆడగొంతు, "తలుపులు తెరుచుకొనుచున్నవి. దయచేసి అడ్డు నిలువరాదు," అని గ్రాంథికంలో హెచ్చరించింది.

"చెమట పట్టడానికి లిఫ్టెందుకురా? ఎన్నో అంతస్తుకు తీసుకెళ్తావు నన్ను?" అన్నారు వియ్యపురాలు.

"స్వర్గానికేనమ్మా!"

"ఇప్పుడే వద్దు. పెన్షను కాగితం మీద సంతకం పెట్టాల్సి ఉంది."

అందరూ నవ్వారు. అల్లుడు నాలుగు చిన్న సీసాలు తెచ్చి మాస్టారి చేతిలో పెట్టాడు. లావెండర్, యూకలిప్టస్, నిమ్మగడ్డి, పుదీనా. "మీరుండగా నేను కలపడమేమిటి మావయ్యా! గరిటెడు నీళ్ళకు ఐదారు చుక్కలు అని పెట్టె మీద రాసి ఉంది."

"చుక్కలు లెక్కపెట్టేది ముక్కు లేనివాళ్ళు బాబూ," అన్నారు మాస్టారు పాత అలవాటు కొద్దీ. అని, నాలుక కరుచుకున్నారు. వియ్యపురాలు కళ్ళద్దాలు సర్దుకున్నారు.

చెక్క బకెట్టు నిండా నీళ్ళు పట్టుకుని ఆయన పెరటి గోడ దగ్గర, జామచెట్టు నీడలో కూర్చున్నారు. ముక్కు లేకపోతేనేం, చెయ్యి ఉంది. పుదీనాకు ఎంత వంపు, నిమ్మగడ్డికి ఎంత వంపు మణికట్టుకు కంఠతా వచ్చు. కళ్ళు మూసుకుని, మణికట్టు చెప్పినట్టే వంచారు. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఆ మణికట్టు నేర్చుకున్నది సబ్బు తొట్టి కొలత. ఫ్యాక్టరీ తొట్టిలో మనిషి ఈత కొట్టొచ్చు. ఇది బకెట్టు.

వంగి ఒక్క పీల్పు పీల్చారు. ఏమీ లేదు. ఇంకా వంగారు. అప్పుడు, ముక్కు లోపల ఎక్కడో లోతుగా, చల్లగా తగిలింది!

మాస్టారు ఉలిక్కిపడి నిటారుగా కూర్చున్నారు. మళ్ళీ పీల్చారు. చల్లగా, సన్నగా, కిటికీ రెక్క ఓరగా తీసినట్టు! పుదీనా వాసన తెలియనివాడికి కూడా దాని చలవ తెలుస్తుందని చదువుకున్న మనిషే, కానీ ఆ నిమిషంలో చదువు ఎవరికి గుర్తొస్తుంది? ముక్కు తిరిగొస్తోంది! గుమ్మం దాకా వచ్చి నిలబడింది! ఇంకొంచెం గట్టిగా పిలిస్తే లోపలికి వచ్చేస్తుంది! సీసా మళ్ళీ వంచారు. చలవ పెరిగింది. "రా తల్లీ, రా," అంటూ ఇంకొంచెం వంచారు. సీసా ఖాళీ అయింది. యూకలిప్టస్ సీసా అందుకున్నారు.

ఆయన బకెట్టు మోసుకొస్తుంటే మొహం వెలిగిపోతోంది. కూతురు పళ్ళ డాక్టరు. రోజంతా మందుల వాసనల మధ్య బతికే మనిషి. అంత మనిషీ బకెట్టు నాలుగడుగుల దూరంలో ఉండగానే ఆగిపోయింది. కళ్ళు పెద్దవయ్యాయి. ఏదో అనబోయి, తండ్రి మొహం చూసింది. అమ్మ పోయిన తర్వాత ఆ మొహంలో అంత వెలుగు ఆమె చూడలేదు.

"చాలా... చాలా బాగుంది నాన్నా," అంది గొంతు సవరించుకుని.

"అద్భుతం మావయ్యా!" అన్నాడు అల్లుడు, వరసగా తుమ్ముతూ.

వియ్యపురాలు జవాబు పత్రం దిద్దుతున్నట్టు బకెట్టులోకి ఒకసారి చూసి, "ఊఁ" అన్నారు.

నెగ్గాను అనుకున్నారు మాస్టారు.

ముందు ఆడవాళ్ళు. అత్తా కోడళ్ళు పొడుగాటి నూలు గౌన్లు వేసుకుని, తువ్వాళ్ళు భుజాన వేసుకుని లోపలికి వెళ్ళారు. తలుపు గ్రాంథికంలో మాట్లాడి మూసుకుంది. గరిటె తనే పట్టుకుని నాలుగు చినుకులు చిలకరించి ఊరుకోవాలని కోడలి పథకం. కానీ ఏ పనీ పిసినారిగా చేయడం ఎరగని అత్తగారు అప్పటికే గరిటె అందుకున్నారు. ఒకటి, దాని వెనకే ఇంకొకటి, కలిసొస్తుందని మూడోది.

బుస్సుమని రాళ్ళు లేచి పడగెత్తినంత పని చేశాయి.

బయట నిలబడ్డ మావా అల్లుళ్ళకు ముందు ఒక కేక, తర్వాత రెండు దగ్గులు వినిపించాయి. తలుపు తెరుచుకుంది. తెల్లటి మేఘం ఒకటి బయటికి దొర్లింది. ఆ మేఘంలోంచి అత్తా కోడళ్ళు ఒకేసారి బయటికి రాబోయి, భుజాలు తగులుకుని, "మీరు పదండత్తయ్యా", "నువ్వు పదవే" అనుకునే లోపల తలుపు మళ్ళీ మూసుకుంది. కళ్ళు తెరవలేని వియ్యపురాలు చేతికి దొరికిన బటన్లన్నీ నొక్కారు. అందులో ఎర్ర బటను కూడా ఉంది. పాత లిఫ్టులో చిక్కుకున్నవాళ్ళు నాలుగు అంతస్తుల దాకా వినిపించడానికి వాడే గంట అది. వీధి అంతా అదిరిపోయేలా మోగింది.

"దయచేసి అడ్డు నిలువరాదు," అంది తలుపు.

"నిలబడింది ఎవరే! దారి ఇవ్వవే!" అన్నారు లోపల్నుంచి హెడ్మిస్ట్రెస్.

అల్లుడు పరిగెత్తి కరెంటు తీసేసి, రేకులు చేత్తో లాగాక ఇద్దరూ బయటికి పరిగెత్తుకొచ్చేసరికి, తలుపు తెరుచుకుని మూసుకున్న ప్రతిసారీ ఒక్కో మేఘం చొప్పున గోడ దాటి వీధిలోకి వెళ్ళిపోయింది.

పక్కింటి ఫొటోగ్రాఫరు గోడ మీద నుంచి తల పెట్టాడు. అతనికి కనిపించినవి: ఆవిరి, గంట మోత, తడిసి ముద్దై బొటబొటా కన్నీళ్ళు కారుస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు, చేతిలో ఖాళీ సీసాలతో ఒకప్పటి ఫ్యాక్టరీ ఉద్యోగి. తన కళ్ళు కూడా మండి నీళ్ళు కారడం మొదలయ్యేసరికి అతను ఇంకేమీ అడగలేదు. ఫోను తీసి ఫైర్ స్టేషనుకు కొట్టాడు.

"సార్! గ్యాసు లీకు సార్! ఏదో రసాయనం కూడా ఉంది! వీధి వీధంతా ఏడుస్తోంది సార్!"

అందులో అతిశయోక్తి లేదు. ఎదురింటి క్షౌరశాల నుంచి సగం గడ్డంతో ఒక పెద్దమనిషి, ఆయన వెనకే కత్తి పట్టుకుని మంగలి, ఇద్దరూ కళ్ళు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు. ఎందుకు ఏడుస్తున్నారో తెలియక కొందరు ఓదార్చడానికి వచ్చి తామూ ఏడుస్తున్నారు. "ఎవరండీ? పెద్దావిడేనా?" అని గుసగుసగా అడిగిన ఒకాయన, పెద్దావిడే స్వయంగా "నేనే, చెప్పండి" అనేసరికి వెనక్కి తగ్గాడు.

గంట కొట్టుకుంటూ ఫైరింజను వచ్చింది. అందులోంచి దిగిన ఆఫీసరు రెండడుగులు వేసి జేబురుమాలు తీశాడు.

"ఇంతకీ గ్యాసు వాసన ఎవరికి వచ్చింది? ముందు అది చెప్పండి."

ఎవరికీ తెలియదు. అందరి ముక్కులూ పుదీనాతో మూసుకుపోయి ఉన్నాయి. అప్పుడు ఫొటోగ్రాఫరు ఉత్సాహంగా ముందుకొచ్చాడు.

"మాస్టారున్నారుగా! సార్, ఈయన ముక్కంటే ఏమనుకున్నారు? ఒక్క పీల్పులో పది వాసనలు విడదీసి చెప్తారు. మాస్టారూ, మీరే చెప్పాలి!"

వీధి మొత్తం ఆయన వైపు తిరిగింది. వియ్యపురాలు కూడా, కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకుని మరీ చూశారు. పరీక్ష ఇప్పుడు వచ్చిందన్నమాట. మాస్టారు చొక్కా సర్దుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. ఛాతీ నిండా గాలి పీల్చారు. చలవ కూడా తగల్లేదు. ఆవిరి చెదిరిపోయి ఉంటుంది, అందరి కళ్ళూ మండటం వేడికి అయి ఉంటుంది అనుకున్నారు. ఎంతో నమ్మకంగా, ఫ్యాక్టరీలో "చాలు" అన్న గొంతుతోనే ప్రకటించారు.

"గ్యాసు లేదు. గ్యాసే కాదు, అసలు ఏ వాసనా లేదు. గాలి శుభ్రంగా ఉంది."

సగం గడ్డం పెద్దమనిషి తుమ్మాడు.

"ఏ... ఏ వాసనా లేదా?" అన్నాడు ఆఫీసరు, రెండు కళ్ళ నుంచీ ధారలు కారుతుండగా.

ఫొటోగ్రాఫరు నోరు తెరిచాడు. "అదేమిటి మాస్టారూ, ఇంత..."

"లేదు," అంది కూతురు చటుక్కున. ఎర్రబడ్డ కళ్ళతో తండ్రి పక్కకొచ్చి నిలబడింది. "నాన్న చెప్పింది నిజమే. నాకూ ఏ వాసనా రావడం లేదు."

"నాక్కూడా," అని తుమ్మాడు అల్లుడు. "అస్సలు... హాచ్... లేదండీ."

ఆఫీసరు చూపు వియ్యపురాలి మీద ఆగింది. జన్మలో లేని మాట అనని మనిషి. ఆవిడ మాస్టారిని కళ్ళద్దాల మీదుగా చూశారు. తర్వాత ఆఫీసరు వైపు తిరిగారు.

"వాసనా? ఏం వాసనండీ? ఇంత శుభ్రమైన గాలి నేనెక్కడా పీల్చలేదు. మీ కళ్ళలో ఆ నీళ్ళేమిటి ముందు? రాత్రి సరిగ్గా నిద్రపోలేదా?"

ఇరవై మంది పిల్లల్ని ఒక్క వాక్యంతో కూర్చోబెట్టిన గొంతు అది. ఆఫీసరు అప్రయత్నంగా "లేదు మేడమ్" అన్నాడు.

అయినా అతని పని అతను చేయాలి. గ్యాసు పసిగట్టే మీటరు పట్టుకుని సిలిండరు చూడటానికి కింది వంటింట్లోకి వచ్చాడు. మాస్టారు విజయగర్వంతో వెంట నడిచారు. మీటరు కిక్కురుమనలేదు. ఆఫీసరు తృప్తిగా తలాడించి, పొయ్యి పక్కన గోడకున్న చిన్న తెల్లపెట్టెను చూసి ఆగాడు.

"మంచి పని చేశారండీ, గ్యాసు అలారం పెట్టించుకున్నారు. ఇది ఉంటే ఇంక ముక్కుతో పనే లేదు."

"అది దోమల మిషనండీ," అన్నారు మాస్టారు. "మా అల్లుడు బిగించాడు."

ఆఫీసరు పెట్టె వంక చూశాడు. అల్లుడి వంక చూశాడు. అల్లుడు పైకప్పులో ఏదో కొత్త విశేషం ఉన్నట్టు తలెత్తి నిలబడ్డాడు. గుమ్మంలో కూతురు పెదవి కొరుక్కుంటోంది. ఆఫీసరు జేబురుమాలు మడిచి లోపల పెట్టుకున్నాడు.

"అవునవును," అన్నాడు మెల్లగా. "దోమలు కూడా రావు."

అతను వెళ్ళిపోయాడు. ఫైరింజనుతో పాటు వీధి కూడా ఖాళీ అయింది. మాస్టారు ఆ తెల్లపెట్టె ముందే నిలబడి ఉన్నారు. పోయిన ఏడాది మార్చిలో, రొట్టె మాడిన ఆ వారంలోనే, అల్లుడు ఎక్కడినుంచో తెచ్చి బిగించాడు. అప్పుడసలు ఇంట్లో దోమలు లేవు. "ఏం ఘుమఘుమ మావయ్యా" అనడం మొదలుపెట్టిందీ అప్పుడే. పాలు చాలవని గిన్నె పట్టుకుపోవడమూ...

"అమ్మలూ," అన్నారు వెనక్కి తిరగకుండానే. "ఆ రోజు రొట్టె ఎలా ఉందే?"

"ఏ రోజు నాన్నా?"

"మార్చిలో."

"కరకరలాడింది నాన్నా," అంది కూతురు.

ఆయన తల ఊపారు.

సాయంత్రం వియ్యపురాలు వంటింట్లోకి వచ్చి కుర్చీ లాక్కున్నారు. "టీ ఇస్తారా అన్నయ్యగారూ? పైన మా కోడలు పెట్టేది పళ్ళు కడుక్కునే నీళ్ళలా ఉంటుంది. ఈ పొయ్యి ఇక్కడే ఉండాలి. వాడికీ చెప్పాను." మోకాలు ఒకసారి తడుముకుని అన్నారు. "మోకాళ్ళ మాటెలా ఉన్నా, పొద్దున ఆ తలుపులోంచి నేను పరిగెత్తుకొచ్చాను చూశారూ? పరిగెత్తాను! ఎన్నేళ్ళైందో!"

మాస్టారు నవ్వి, నడుము వంచి టీపొడి డబ్బా అందుకున్నారు. అప్పుడే అల్లుడు వచ్చి తల్లితో ఏదో చెప్పబోతూ, అలవాటుగా ఆవిడ కుడివైపుకు చుట్టూ తిరిగి వెళ్ళాడు. ఎడమవైపు పిలిస్తే ఆవిడ పలకరని మాస్టారు ఎన్నోసార్లు చూసి, పెద్దరికం అనుకున్నారు. ఆ చెవి వినపడదని ఇప్పుడు తెలిసింది. కొడుకు అది కనిపెట్టి సర్దుకుపోతున్నాడని ఆవిడకు తెలియదన్నదీ తెలిసింది. కప్పులు రెండూ తెచ్చి, ఆయన కూడా చుట్టూ తిరిగి ఆవిడ కుడిపక్కన కూర్చున్నారు.

"అదేమిటి, ఇటు ఇరుకు కదా?"

"ఇటు గాలి బాగుంటుందమ్మా," అన్నారు.

ఆ రాత్రి ఎప్పటిలాగే పెందలాడే పడుకున్నారు గాని కళ్ళు మూసుకోలేదు. కాసేపటికి మెట్ల మీద అడుగుల చప్పుడు, చెప్పులు చేత్తో పట్టుకున్నంత మెత్తగా. సిలిండరు మీట తిరిగిన చిన్న కిర్రు. తర్వాత వంటింటి తలుపు, చేత్తో దగ్గరికి లాగినట్టు, నెమ్మదిగా మూసుకుంది.

గాలికి ఆ పూట పుదీనా వాసన వచ్చే ఉంటుంది, ఆయనకు మాత్రం తెలియలేదు.